గుడియాత్తం బాక్సింగక్క

ఆమె పోయిందని నాకు మనుషులెవరూ చెప్పలేదు. బస్టాండు ఎదుట కట్టిన ఫ్లెక్సీ చెప్పింది. మా ఊళ్లో ఎవరు పోయినా పొద్దెక్కేసరికి ఒక ఫ్లెక్సీ లేస్తుంది. పైన ‘కన్నీటి అంజలి’ అని తమిళంలో పెద్ద అక్షరాలు, మధ్యలో పోయినవాళ్ల బొమ్మ, కింద దుఃఖిస్తున్నవాళ్ల బొమ్మలు. దుఃఖిస్తున్నవాళ్లు పోయినవాళ్ల కంటే పెద్దగా కనబడటం మా దగ్గర మామూలే. ఆమె బొమ్మను ఓటరు కార్డులోంచి తీసి పెంచినట్టున్నారు, ముఖమంతా చుక్కలు చుక్కలుగా ఉంది.

దాచి లాభం లేదు కనుక చెప్పేస్తాను. నేను మొదట చూసింది ఆ ముఖాన్ని కాదు. కింది వరసలో నా బొమ్మ ఉందా లేదా అని చూశాను. ఉంది. ఎడమ నుంచి ఏడోది. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫొటో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను. ఉన్నందుకు తృప్తిగా అనిపించింది. ఆమె ఇక లేదన్న సంగతి ఆ తర్వాతే బుర్రకెక్కింది. డెబ్బై దాటిన మనిషికి ఉండవలసిన వరస ఇది కాదు. కానీ నా వరస ఎప్పుడూ ఇంతే. అది ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సంతాప సభలో మాట్లాడమని ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు వచ్చి అడిగారు. వద్దన్నాను. మైకు ముందు తమిళంలో నోరు తెరిస్తే నా నాలుక తనంతట తాను ప్రాసలు కట్టేస్తుంది, నా మాట వినదు. అందుకని ఇంట్లో కూర్చుని తెలుగులో రాస్తున్నాను. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వ్యాపారులమే అయినా మాలో ఆ లిపి చదవగలిగినవాళ్లు లేరు. నాకు అరవయ్యో ఏట, చిత్తూరు నుంచి వచ్చిన కోడలు పలక మీద దిద్దించింది. ఈ అక్షరాలతో గొప్పలు రాయడం నాకింకా చేతకాదు. ఆమె గురించి రాయడానికి అదే మంచిదనుకుంటాను.

ఊరంతా ఆమెను బాక్సింగక్క అనేవాళ్లు. కౌండిన్య నది అవతలి ఒడ్డున, ఆగిపోయిన మగ్గాల షెడ్డులో ఆమె బాక్సింగ్ నేర్పే జిమ్ము నడిపేది. నేను ఆమెను ఎరిగే నాటికి నాకు ముప్పై రెండేళ్లు. బజారులో లుంగీలు, తువ్వాళ్ల దుకాణం. దుకాణం మా నాయన పెట్టింది. దాని మీద పార్టీ జెండా నేను పెట్టింది. రెండు పార్టీలు మార్చి మార్చి గెలుస్తున్న కాలం అది. ఏ పార్టీ అయినా సరే, మైకు ముందు గంటసేపు అచ్చ తమిళం దంచగలిగినవాడికి ఊళ్లో గౌరవం ఉండేది. నేను దంచేవాణ్ని.

అయితే సభల్లో నా పని ఏమిటంటే, నాయకుడు వచ్చేదాకా జనం లేచిపోకుండా కూర్చోబెట్టడం. నాయకుడు ఎన్నడూ వేళకు రాలేదు. ఆయన కారు వీధి మలుపులో కనబడగానే ఎవరో ఒకరు నా చొక్కా వెనకనుంచి లాగేవారు, నేను వాక్యం మధ్యలో దిగిపోయేవాణ్ని. పదకొండేళ్లు వేదికలెక్కాను. ఒక్క ప్రసంగం కూడా చివరిదాకా మాట్లాడలేదు. ముగింపులు మాత్రం పన్నెండు రకాలు సిద్ధంగా ఉండేవి. వాటిని అద్దం ముందు సాధన చేస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి, “ఎవురితో నాయనా తగువు?” అని అడిగేది.

ఒకరోజు ఆమె తువ్వాళ్ల కోసం మా దుకాణానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, పొట్టి. చీర చీలమండల పైకే ఉంది. భుజాలు మాత్రం మగవాళ్ల భుజాల్లా ఉన్నాయి. పన్నెండు తువ్వాళ్లు ఎంచుకుంది. ఎంచుకుంటున్నంతసేపూ వేలి కణుపులతో మా గోడను, బల్లను, తలుపు చెక్కను తట్టి, చెవి ఒరగబెట్టి వింటూ ఉంది.

“ఏందక్కా, ఏమన్నా పోగొట్టుకున్నావా?” అన్నాను.

“అలవాటప్పా. మా నాయన గనిలో కప్పుకు దూలాలు నిలబెట్టే పని చేసినాడు. పలుగుతో పైన రాయిని తట్టి వినాల. గట్టి రాయి గంట మాదిరి మోగుతాది. విడిపోయిన రాయి డొల్లగా పలుకుతాది. అట్ల పలికినాక దాని కింద నిలబడకూడదు.” తువ్వాళ్లు చంకలో పెట్టుకుంది. “నిన్న బజారులో మాట్లాడింది నువ్వే కదా. గొంతు బాగుండాది.”

నేను వినయంగా తల వంచాను.

“మాటలే డొల్ల,” అంది.

అలా అని, వచ్చే ఆదివారం జిమ్ములో పోటీ ఉందని, ఆడేవాళ్ల పేర్లు జనానికి చెప్పే మనిషి కావాలని, నన్ను రమ్మని అడిగింది. ఊళ్లో ఇంతమంది వక్తలుండగా నన్నే పిలిచిందని నేను వారం రోజులు మురిసిపోయాను. ఆమె మైకు సెట్టు కాలిపోయిందనీ, మైకు లేకుండా అవతలి ఒడ్డుకు వినబడే గొంతు ఊళ్లో నాదొక్కటేననీ తర్వాత తెలిసింది.

ఆమె పుట్టింది కోలారు వైపు బంగారు గనుల దగ్గర. తాత కాలంలోనే ఇక్కడి నుంచి ఆ పనికి వెళ్లిన కుటుంబం. తాత, తండ్రి, ఇద్దరు బాబాయిలు, అన్న, అందరూ గనిలోకి దిగినవాళ్లే. గని పనివాళ్లలో బాక్సింగ్ పిచ్చి ఉండేదట. షిఫ్టు దిగివచ్చి, ఒంటి మీద దుమ్ము కడుక్కుని, గ్లౌజులు కట్టుకునేవారట. వాళ్ల అన్న అక్కడ పేరున్న బాక్సరు. అతను ఇసుక మూటను గుద్దుతుంటే పదేళ్ల పిల్లప్పటి నుంచి మూట కదలకుండా పట్టుకున్నది ఈమె. ఆ అన్న గనిలో ప్రమాదంలో పోయాడు. అంతవరకే చెప్పేది. పెళ్లయి గుడియాత్తం వచ్చినప్పుడు పెట్టెలో చీరల కింద అన్న గ్లౌజులు రెండు జతలు తెచ్చుకుంది. భర్త మగ్గాలు బాగుచేసే మనిషి, మాట తక్కువ. ఆమె అడిగితే షెడ్డు దూలానికి ఒక ఇసుక మూట వేలాడదీసి పెట్టాడు. తెల్లవారి లేచి, కొంగు నడుముకు దోపుకుని, ఆమె పది నిమిషాలు దాన్ని గుద్ది వచ్చి పొయ్యి వెలిగించేది. నేతపని వాళ్లు మొదట వింత చూడటానికి వచ్చారు. తర్వాత నేర్చుకోవడానికి వచ్చారు. నేను వెళ్లేసరికి లుంగీ గుడ్డ చుట్టిన తాళ్లతో రింగు, నది ఇసుక నింపిన నాలుగు తోలు మూటలు, పాతికమంది మనుషులు ఉన్నారు.

ఆమె గొంతు ఎప్పుడూ హెచ్చేది కాదు. రింగు వైపు వీపు పెట్టి ముక్కాలిపీట మీద కూర్చునేది. చూడకుండా, గుద్దుల చప్పుడు వినేది. “ఎడమ కాలు యాడ పెట్టినావు? ఆ దెబ్బ డొల్లగా ఉండాది,” అనేది తల తిప్పకుండానే. చూస్తే కాలు నిజంగానే తప్పు చోట ఉండేది. రౌండును రౌండు అనేది కాదు, షిఫ్టు అనేది. గంట కొట్టి, “షిఫ్టు అయిపాయె, పైకి రా,” అనేది. రింగు నేల మీదే ఉన్నా పైకి రమ్మనేది. మాకు నవ్వొచ్చేది.

ఆమెకు ఒకే ఒక్క భయం ఉండేది. వేలూరులో కొత్తగా కట్టిన బట్టల షాపుకు ఆమెనూ ఆమె భర్తనూ తీసుకెళ్లాను. లిఫ్టు దగ్గర ఆగిపోయింది. నేను పట్టణం ఎరిగినవాడిలా, “ఏం కాదక్కా, రా,” అని చెయ్యి పట్టాను. “నువ్వు పో నాయనా. అట్లాంటి పెట్టెలోనే గనిలోకి దిగి తిరిగి రానోళ్లు మా ఇంట్లో ఉండారు,” అని నాలుగు అంతస్తులూ మెట్లెక్కింది. నేను లిఫ్టులో ముందే పైకి చేరి, ఆమె కోసం ఎదురుచూస్తూ, అద్దంలో జుట్టు సర్దుకున్నాను.

నా మొదటి ఆదివారం గురించి చెప్పాలి. ఇద్దరు నేతగాళ్లు గ్లౌజులు కట్టుకుని చెరో మూల నిలబడ్డారు. నేను మధ్యలో నిలబడి మొదలుపెట్టాను. ఒకడిని కొండ శిఖరం మీది పులి అన్నాను, ఇంకొకడిని కౌండిన్య వరద అన్నాను. ఆ నదిలో వరద చూసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. మూడు వేల ఏళ్ల వెనక్కి వెళ్లి, వీరుల వంశాలన్నీ చెప్పి తిరిగి వచ్చేసరికి పులి ఆవలించింది. వరద కింద కూర్చుని కాళ్లు చాపుకున్నాడు.

ఆమె లేచి వచ్చింది. “ఊరు చెప్పు, బరువు చెప్పు, పేరు చెప్పు. దిగిపో,” అంది.

“అక్కా, జనానికి ఉత్సాహం రావాల కదా.”

“వాండ్ల ఒళ్లు చల్లబడిపోతా ఉండాది. నీకు మూడు నిమిషాలంటే ఎంతో తెల్దప్పా.”

మూడు గంటలు మాట్లాడగలిగిన నాకు మూడు నిమిషాలు తెలియవా అని నవ్వాను. ఆ నవ్వు నేను చేసిన తప్పు. ఆదివారం పోటీ అయిపోయాక ఆమె నాకు గ్లౌజులు కట్టింది. నా ఈడు నేతగాడినే ఎదురుగా నిలబెట్టింది, మెల్లగా కొట్టమని అతనికి చెప్పింది. అతను నిజంగానే మెల్లగానే కొట్టాడు. మొదటి నిమిషంలో నేను అతని చుట్టూ తిరిగాను. రెండో నిమిషంలో నా చేతులు పైకి లేవనన్నాయి. ఇంకో నిమిషం ఉందని ఎవరో చెబితే ఆ మనిషి అబద్ధాలకోరని అనుకున్నాను. ముక్కునుంచి రక్తం కారి, మా దుకాణం తువ్వాలుతోనే తుడుచుకున్నాను. ఆమె గంట కొట్టి, “పైకి రా,” అంది. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పటినుంచి మూడు ముక్కల్లో చెప్పి దిగిపోయేవాణ్ని. రెండేళ్లపాటు ప్రతి పోటీకీ నేనే చెప్పాను. వేదిక మీద నా చొక్కా లాగని చోటు ఊళ్లో అదొక్కటే. అక్కడ గెలిచినవాడి పేరున్న చీటీ ఆమె నా చేతికిస్తే, నేను విప్పి చదవడం ఆనవాయితీ. చీటీ ఇచ్చేటప్పుడు నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసేది. అంత జాగ్రత్త దేనికో నాకు అర్థమయ్యేది కాదు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా పార్టీ పట్టణ సెక్రటరీ నన్ను పిలిచాడు. నాయకుడి పుట్టినరోజు పండుగకు బజారులో బాక్సింగ్ పోటీ పెడదామన్నాడు. పందిరి, మైకు, కప్పు పార్టీ ఇస్తుందన్నాడు. ఆ మగ్గాల షెడ్డు స్థలం ప్రభుత్వానిది, ఏనాటికైనా ఖాళీ చేయించవచ్చు. పోటీ బాగా జరిగితే ఆ స్థలానికి ఆమె పేరిట పట్టా ఇప్పిస్తానన్నాడు. నేను రెక్కలు కట్టుకుని వెళ్లి ఆమెకు చెప్పాను. ఆమెకు ఇష్టం లేదు. కానీ ఇక ఎవరూ ఖాళీ చేయించలేని షెడ్డు అన్న మాట దగ్గర ఆమె భర్త తలెత్తి చూశాడు. ఆమె అతన్ని చూసి ఒప్పుకుంది.

“రింగులో జెండా ఉండకూడదు. గెలుపెవురిదో మావాండ్లు రాసిందే ఆఖరు మాట. నువ్వే చదవాల,” అంది.

“నేనుండగా నీకెందుకక్కా,” అన్నాను.

పోటీ రోజు పొద్దున్నే బజారు నిండిపోయింది. చివరి పోటీ సెక్రటరీ తమ్ముడి కొడుక్కీ, ఆమె దగ్గర నేర్చుకున్న ఒక నేతగాడికీ. సెక్రటరీ తమ్ముడి కొడుకు వేలూరులో నేర్చుకుని వచ్చాడు, మంచి బూట్లున్నాయి. నేతగాడు వట్టి కాళ్లతో ఆడాడు. అతని తల్లి బీడీలు చుట్టే మనిషి, ఆ రోజు పని మానుకుని వచ్చి, తాడు పక్కనే చేటను తలకు ఎండ తగలకుండా పట్టుకుని కూర్చుంది. మూడు రౌండ్లలో రెండు నేతగాడివేనని బాక్సింగ్ తెలియనివాళ్లకు కూడా తెలిసింది. అక్క చీటీ తెచ్చి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. విప్పాను. నేతగాడి పేరుంది.

వెనకనుంచి చొక్కా లాగినట్టయింది. సెక్రటరీ. నా చెవిలో తమిళంలో అన్నాడు: “తంబీ, మా వాడి పేరు చదువు. వచ్చే నెల వేలూరు మహాసభలో నీకు అవకాశం. నాయకుడు వచ్చేలోపల కాదు. నాయకుడి తర్వాత.”

నాయకుడి తర్వాత. చొక్కా లాగేవాళ్లుండరు. ఏ ముగింపు చెప్పాలా అని అక్కడే, ఆ రింగులోనే, పన్నెండింటినీ మనసులో తిరగేశాను. తర్వాత నోరు తెరిచి సెక్రటరీ తమ్ముడి కొడుకు పేరు చదివాను. ఊరూ బరువూ కూడా సరిగ్గా చెప్పాను. నా గొంతు ఎంతో బాగుంది.

టపాకాయలు పేలాయి. ఎవరో మాల వేశారు. నేతగాడు నన్ను చూశాడు, తర్వాత తల్లిని చూశాడు. అక్క రింగులోకి వచ్చి ఎవరితోనూ గొడవ పడలేదు. నేతగాడిని మూలకు తీసుకెళ్లి గ్లౌజుల ముడులు విప్పింది. రెండు చేతులూ తుడిచింది. నా పక్కగా నడిచి వెళ్లేటప్పుడు చెయ్యి చాచింది. చీటీ ఇమ్మని. ఇచ్చాను. మడిచి రవికలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నెలంతా నేను నది దాటలేదు. నది నిండా ఇసుక తప్ప నీళ్లు లేవు, దాటడానికి అడ్డేమీ లేదు. అయినా దాటలేదు.

వేలూరు మహాసభ కోట మైదానంలో జరిగింది. సెక్రటరీ మాట తప్పలేదు. నాయకుడు మధ్యాహ్నం పన్నెండున్నరకు మాట్లాడి ముగించాడు. నా పేరు పిలిచారు. మైకు దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకుని తలెత్తేసరికి మైదానం లేచి నిలబడి ఉంది. నా కోసమేమో అనుకున్నాను. బిర్యానీ పొట్లాలు పంచుతున్నారు. అయిదు నిమిషాల్లో నా ముందు ఖాళీ కుర్చీలు మిగిలాయి, వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న ముగ్గురు మనుషులు మిగిలారు. నేను ఆపలేదు. నా చొక్కా ఎవరూ లాగలేదు. నలభై నిమిషాలు మాట్లాడి, పన్నెండు ముగింపుల్లోకీ గొప్పదాన్ని, అద్దం ముందు కన్నీళ్లు పెట్టుకున్నదాన్ని, చెప్పాను. కుర్చీలు పేర్చే మనిషి వచ్చి, “అయిపోయిందా అన్నా? మైకు వైరు చుట్టుకోవాల,” అన్నాడు.

గుడియాత్తం బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా నది దాటాను. ఆమె మూట దగ్గర ఉంది. నన్ను చూసి కూడా గుద్దడం ఆపలేదు.

“అక్కా, తప్పు చేసినా,” అన్నాను.

“తెలుసు కదప్పా. నేను ఆడ్నే ఉన్నా.”

“ఏం చెయ్యమంటావో చెప్పు.”

“నాకు చెప్తే ఏమొస్తాది? చీటీలో పేరు నాకు తెలుసు. తెలీనోళ్లకు చెప్పు.”

“సెక్రటరీ ఊరుకోడు. షెడ్డు పట్టా పోతాది అక్కా.”

ఆమె మూటను రెండు చేతులతో ఆపింది. షెడ్డు కప్పు వైపు ఒకసారి చూసింది. “షెడ్డు సంగతి నాది. నీ సంగతి నువ్వు చూసుకో,” అంది.

వారపు సంత రోజు మా దుకాణం ముందు స్టూలు వేసుకుని ఎక్కాను. మైకు లేదు. పార్టీ పండుగ పోటీలో గెలిచింది ఫలానా నేతగాడనీ, చీటీలో ఉన్నది అతని పేరేననీ, నేను కావాలని వేరే పేరు చదివాననీ చెప్పాను. నా జీవితంలో అంత చిన్న ప్రసంగం చేయలేదు. సంతలో ఒకాయన, “లుంగీల మీద తగ్గింపా?” అని అడిగాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాను. నాలుగోసారి చెప్పేసరికి జనం గుమిగూడారు. మధ్యాహ్నానికల్లా ఇద్దరు పార్టీ మనుషులు వచ్చి జెండా పీకేశారు. నా భుజం మీది పార్టీ అంచు తువ్వాలు లాక్కున్నారు. అది మా దుకాణం సరుకేనని చెప్పబోయాను. చెయ్యెత్తారు. ఆమె నేర్పినట్టు రెండు పిడికిళ్లూ ముఖానికి అడ్డం పెట్టుకుని సరిగ్గా నిలబడ్డాను. దెబ్బ వెనకనుంచి వచ్చి మెడ మీద పడింది.

నేతగాడి ఇంటికి కూడా వెళ్లాను. అతను నాకు పీట వేశాడు. “మాయమ్మకు నేనే గెల్చినానని చెప్తానే ఉన్నానన్నా. కొడుకు కదా, అట్లనే అంటాడులే అనుకునింది. ఈ పొద్దు సంతలోంచి వచ్చి నా దగ్గర కూర్చునింది,” అన్నాడు. అతను ఆ తర్వాత పెద్ద బాక్సరేమీ కాలేదు. ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు. ఫ్లెక్సీ కట్టించింది అతనే.

షెడ్డు నెల తిరగకుండా ఖాళీ చేయించారు. మోర్ధానా రోడ్డులో ఒక రైతు తన మామిడి తోటలో చోటిచ్చాడు. రింగు గుంజలు, మూటలు ట్రాక్టరులో వేసుకుని వెళ్లారు. ఆమె భర్త ఊడదీసిన దూలాన్ని ఒకసారి చేత్తో నిమిరి ట్రాక్టరెక్కాడు. ఆ నిమరడం నేను చూశాను. నాకు అందరూ చిన్న సామానే ఇచ్చారు, ముక్కాలిపీట మోశాను. ఆ చెట్ల కింద జిమ్ము ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. వానొస్తే ఆట ఆగేది. ఆ ఏర్పాటుకు కారణం ఎవరని ఆమె ఎప్పుడూ, ఎవరితోనూ అనలేదు. అననందువల్ల నాకు ప్రతి వానాకాలం గుర్తొచ్చేది. పేర్లు మాత్రం మళ్లీ నన్నే చదవమంది. ఆ తర్వాత మొదటిసారి చీటీ ఇచ్చినప్పుడు నేను వేళ్లు ముడవకుండా దానివైపే చూస్తున్నాను. ఆమె వాటిని మూసి, “చదువప్పా,” అంది.

గనులు మూతపడి చాలా ఏళ్లయ్యాక, భర్త కూడా పోయాక, ఆమె ఒకరోజు దుకాణానికి వచ్చి, “నన్నొకసారి మా ఊరికి తోడుకోని పోతావా నాయనా?” అని అడిగింది. ఆమెకు అప్పటికి డెబ్బై దాటాయి, నాకు అరవై దాటాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పేరణాంబట్టు దాటినప్పటినుంచీ కళ్లార్పకుండా బయటికే చూసింది. దారి పొడవునా నేను గనుల చరిత్ర చెబుతూ వచ్చాను. గనుల్లో పుట్టిన మనిషికి.

ఊరంతా తెల్లటి దిబ్బలు. గనిలోంచి తీసి, బంగారం పిండుకుని పారబోసిన రాతి పొడి అది. వాళ్లున్న ఇంటి వరస నిలిచే ఉంది, ఒక్కో ఇల్లు ఒక్కో గది. ఆమె తలుపు తట్టలేదు. నేరుగా గని దగ్గరికి నడిచింది. ఇనుప గోపురం మీద పెద్ద చక్రాలు తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. కంచె దగ్గర ఆగింది.

“ఈడ్నే నిలబడింటిమి, నేనూ మాయమ్మా,” అంది. “కింద రాయి పేలింది. పైన ఇండ్లలో సత్తు గిన్నెలు కింద పడినాయి. అందురూ ఈడికి పరిగెత్తుకోనొచ్చినారు. పైకొచ్చినోళ్ల పేర్లు ఒక గుమాస్తా చదివినాడు. మాయన్న పేరు చదివినాడు.”

నేను కంచె దగ్గరికి, ఆమె పక్కకు జరిగాను.

“మాయమ్మ ఇంటికి పొయ్యి నీళ్లు కాచింది, వాడు స్నానం చేస్తాడని. అన్నం వండింది. నేను పక్కింటోళ్ల దగ్గరికి పొయ్యి మాయన్న వచ్చేసినాడని చెప్పినా. వాండ్లాయన పేరు ఇంకా చదవలా. నేను నగుతా చెప్పినా.” కంచె తీగను పట్టుకుంది. “సాయంత్రం తెచ్చినారు మాయన్నని. అదే పేరుగలోడు ఇంకొకడుండాడు. పైకొచ్చింది వాడు.”

“నేను తప్పు చేసినానని నది దాటొచ్చిన పొద్దే నాకు ఇదెందుకు చెప్పలేదక్కా?” అని అడిగాను.

“చెప్పింటే నా మీద జాలితో స్టూలెక్కిందువు.” కంచె తీగను పట్టుకుని అవతలికి చూస్తూనే అంది: “ఆ గుమాస్తా మీద కోపం లేదప్పా. మాయమ్మ రెండేండ్లు చూసింది, వాడొచ్చి ఒక మాట చెప్తాడని. తిట్టేదానికి కాదు. వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేదే. వాడు మా వీధిలోకే రాలా. నువ్వు వచ్చినావు. నెల పట్టిందిలే.”

ఆ గుమాస్తా పొరబాటున చదివాడు. నేను తెలిసి చదివాను. ఆ తేడా ఆమెకు తెలియక కాదు. తెలిసే మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, నన్ను రవంత ముందుకు జరిపింది. అది సరికాదని చెప్పడానికి నోరు తెరిచాను.

“బస్సు ఎప్పుడో కనుక్కో పో,” అంది.

కనుక్కున్నాను. మా బస్సు వెళ్లిపోయింది, తర్వాతిది గంటన్నరకు. బస్టాండు సిమెంటు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఆమె చెనక్కాయలు ఒలిచి సగం నా చేతిలో పోసింది. ఆ గంటన్నర నేను ఒక్క మాట మాట్లాడలేదు. నన్నెరిగినవాళ్లెవరూ దీన్ని నమ్మరు.